గోడ పక్క గది

సత్యశ్రీ భయం ఒక్కటే. పక్కనున్న ఐసు ఫ్యాక్టరీలో ఏదో ఒకరోజు అమ్మోనియా గ్యాసు లీకవుతుంది. ఎనిమిది నెలల కూతురు సాయిసుధ ఊపిరాడక చచ్చిపోతుంది.

"పాడు మాటలు మాట్లాడకే" అని మొగుడు అబ్బులు కసిరేవాడు. అతను ఆ ఫ్యాక్టరీలోనే కంప్రెసర్ ఆపరేటరు. "రోజంతా దాని పక్కనే నించుంటాను. నాకేమైనా అయిందా?"

"దున్నపోతులా ఉన్నావు, నీకేమవుద్ది? అది పసిగుడ్డు."

నరసాపురం దగ్గర, కాలువ గట్టు మీద ఫ్యాక్టరీ. దాని పక్కనే ఓనర్ల బంగ్లా. రెంటికీ మధ్య గోడ. ఆ గోడనానుకుని ఒక గది.

అబ్బులు పన్లో చేరి నాలుగేళ్లు. గది ఇమ్మని ఎన్నిసార్లడిగినా ఇవ్వలేదు. పాప పుట్టిన నెలకి బంగ్లా పెద్దావిడ అన్నపూర్ణమ్మగారే కబురు పెట్టి మరీ ఇచ్చారు. టేకు ఉయ్యాల పంపించారు. బాలింతకని రోజూ చెంబుడు పాలు. ఒక్క మాటే చెప్పారు.

"ఫ్యాక్టరీ వైపు కిటికీ ముయ్యకమ్మా. పసిదానికి గాలాడాలి."

నిన్న పొద్దున్న పాప దగ్గుతూ లేచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గుక్కపట్టి ఒకటే ఏడుపు. సత్యశ్రీ పాప మొహానికి తడిగుడ్డ అడ్డం పెట్టి, గుమ్మంలోకి పరిగెత్తింది.

అప్పటికే అన్నపూర్ణమ్మగారు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొస్తున్నారు. వెనకాల డ్రైవరు కారు స్టార్ట్ చేసేశాడు.

"ఎప్పట్నుంచే ఏడుపు? కళ్లు మండుతున్నట్టున్నాయా?"

"తెలీదండి, ఇప్పుడే... ఇప్పుడే లేచిందండి!"

ఫ్యాక్టరీలో పైపులన్నీ చూశారు. ఎక్కడా లీకు లేదు. ఊళ్లో నర్సమ్మ వచ్చి చూసి, పడిశమంది.

అన్నపూర్ణమ్మగారు గుమ్మంలోనే కూలబడి పాపని ఒళ్లోకి తీసుకున్నారు. సొంత నాయనమ్మ కూడా ఇలా రాదనుకుంది సత్యశ్రీ. అయినా ఆమెకి ఏడుపు ఆగలేదు.

"నాకిక్కడ భయంగా ఉందండి అమ్మగారూ. పాపని తీసుకుని మొగల్తూరు, మా అమ్మ దగ్గరకెళ్లిపోతానండి."

ఆవిడ మొహం పాలిపోయింది.

"అంత మాటనకు తల్లీ. మా మామగారు ఈ బంగ్లా కట్టి అరవయ్యేళ్లు. రెండుసార్లు గ్యాసొచ్చింది. మా ఇంట్లో ఒక్కరికి గోరంత దెబ్బ తగల్లేదు. ఈ పాపా మా ఇంటి పిల్లే అనుకో."

ఆ మాటతో సత్యశ్రీ గుండె కాస్త కుదుటపడింది. రాత్రంతా ఆలోచించింది. పుట్టింటికని సర్దిపెట్టుకున్న బట్టల సంచి పొద్దున్నే విప్పేసింది. ఉండిపోతున్నామని చెప్పడానికి పాపని చంకనేసుకుని బంగ్లా పెరటి వరండాలోకి వెళ్లింది.

అన్నపూర్ణమ్మగారు కాకినాడలో కూతురింటికి వారం రోజులకి బయల్దేరుతున్నారు. లోపల కొడుకు ఉదయభాస్కర్ విసుక్కుంటున్నాడు.

"ఆపరేటర్ కూతుర్ని కనిపెట్టుకునుండడం కూడా నా పనేనా అమ్మా?"

"ఈ వాసనకి మన ముక్కులు ఎప్పుడో మొద్దుబారిపోయాయిరా, గ్యాసొస్తే మనకంటే ముందు గుక్కపట్టి ఏడ్చేది అదే, అందుకేగా మీ తాతగారి రోజుల్నుంచీ ఆ గది చంటిపిల్లలున్న వాళ్లకే ఇస్తున్నాం, రోజూ పొద్దున లేవగానే వెళ్లి దాన్నొకసారి చూసి రా."