లైసెన్సు నకలు

"మీ షాపు లైసెన్సు నకలు ఏదమ్మాయ్?"

తలుపు తీస్తూనే రెయినీ అన్న మొదటి మాట అది. పలకరింపైనా లేదు.

మారిసెల్‌కు ఒళ్ళు మండింది. ఓక్లండ్‌లో గంజాయి అమ్మకానికి అనుమతి ఉన్న దుకాణం తరఫున ఇళ్ళకు సరుకు చేర్చే ఉద్యోగం ఆమెది. గుమ్మంలో కార్డు అడిగి వయసు నిర్ధారించుకోవలసింది తను. ఈ ముసలాయన ఎదురు ఆమెనే కార్డు అడుగుతాడు. సంచికి వేసిన సీలును వేలితో తడుముతాడు. సరుకును పరీక్షించిన ల్యాబు అంటించిన చీటీని కళ్ళజోడు పెట్టుకుని చదువుతాడు.

"షాపులో ఉండిపోయింది సార్. నేనేమైనా దొంగనా?"

"దొంగవని నేనన్నానా? కాగితం లేకుండా ఆ సరుకు కార్లో పెట్టుకుని తిరుగుతున్నావంటున్నాను."

"మీ మోకాళ్ళ నొప్పికేగా తెచ్చాను! కావాలా, వద్దా?"

"ఇలా ఇవ్వు. నువ్వు మాత్రం తిన్నగా షాపుకే పో. మధ్యలో ఎక్కడా ఆగకు."

సాయంత్రం మేనేజరు గారెట్ పిలిచాడు.

"రెయినీ మళ్ళీ ఫోన్ చేశాడు. ఇది రెండోసారి. ఇంకో ఫిర్యాదొస్తే నిన్ను ఉంచుకోలేను."

ఫిర్యాదు దేని గురించో అతను చెప్పలేదు. మారిసెల్ అడగలేదు. అది తన మీదేననడంలో ఆమెకు సందేహమే లేదు.

"వచ్చే నెల ఆయనింటికి నేను వెళ్తాలే, ఆ ఏడుపు మొహం మానెయ్," అన్నాడు తోటి డ్రైవరు.

"అక్కర్లేదు. ఆయన నోరు నేనే మూయిస్తాను."

అన్నట్టే పట్టుబట్టింది. నకలు ఇచ్చేదాకా గారెట్ బల్ల ముందు నుంచి కదల్లేదు.

"ఆ ముసలోడికి భయపడ్డావా?" అన్నాడతను, విసుగ్గా ముద్రించి ఇస్తూ.

"భయం కాదు. పంతం."

మరుసటి నెల బయల్దేరేముందు గుర్తింపు కార్డు మెళ్ళో వేసుకుంది. సీలు చూసుకుంది. చీటీ చదువుకుంది. తప్పుపట్టడానికి ఈసారి వెంట్రుకవాసి సందు లేదు. ఆ గుమ్మం ముందు నకలు చేత్తో ఎత్తి పట్టుకుని మరీ తలుపు తట్టింది.

తలుపు తీసినది ఒక పెద్దావిడ.

"రెయినీ గారి నెలవారీ ఆర్డరండీ. ఆయన్ని పిలవండి."

"మా తమ్ముణ్ణి నిన్ననే మట్టిచేసి వచ్చామమ్మా."

ఎత్తిన చెయ్యి దించాలని కూడా మారిసెల్‌కు తోచలేదు.

పెద్దావిడ ఆ కాగితం వైపు చూసింది. "మారిసెల్‌వి నువ్వేనా? మొత్తానికి ఇచ్చారన్నమాట! దీనికోసం మీ మేనేజరుతో రెండుసార్లు పోట్లాడాడు. ఆ పిల్లని కాగితం లేకుండా రోడ్డు మీదికి తోలడానికి నీకు సిగ్గులేదా అని."

"ఫిర్యాదు... నా మీద కాదా?"

"నీ మీద దేనికి?"

మారిసెల్ చెయ్యి దించి, సంచిని దగ్గరికి తీసుకుంది.

"సరుకు మీకివ్వలేనండి. ఆయనకే ఇవ్వాలి."

"తెలుసు. నువ్విస్తే ముందు వాడే ఒప్పుకునేవాడు కాదు."

"ఎందుకండీ ఆయనకంత పట్టింపు?"

"నీ వయసులో వాడిదీ ఇదే పనమ్మా, మంచానపడ్డవాళ్ళ ఇళ్ళకు ఈ సరుకు చేర్చడం, చూపించడానికి ఏ కాగితమూ లేని రోజులవి, అందుకని ఆరేళ్ళు జైల్లో ఉన్నాడు."