పరిమితి లోపు పొగ

చిలకలూరిపేట దాటాక హైవే పక్కనే ఏసోబు పంక్చర్ షాపు. ఇల్లు దాని వెనకే. ఎనిమిదేళ్ల కూతురు కెజియాకి ఊపిరి అందడం లేదు. గాలిని శుభ్రం చేసే పెట్టె ప్రభుత్వమే ఇస్తుంది గానీ, మనిషి దగ్గు చూసి ఇవ్వదు. రోడ్డు మీద బళ్లెన్ని, ఎంత వేగంతో పోతున్నాయన్న దాన్నిబట్టి పొగ అంచనా కట్టి ఇస్తుంది.

"మీ దగ్గర బళ్లు ఆగకుండా జోరుగా పోతున్నాయి. మెల్లగా పాకితేనే పొగ ఎక్కువ. మీకు పరిమితి లోపే ఉంది," అంది ఆఫీసులో మేడమ్.

"పిల్లని ఒక్కసారి చూడండి మేడమ్."

"పిల్లని చూసి రాసే గడి ఇందులో లేదయ్యా."

ఏసోబు తెలిసిన లారీ డ్రైవర్లందర్నీ బతిమాలాడు. వారం పాటు వాళ్లు అతని ఇంటి ముందు ఫస్ట్ గేర్‌లో పాకుతూ వెళ్లారు. భార్య సలోమి కిటికీల సందుల్లో తడిగుడ్డలు కుక్కింది. అయినా కెజియా పెదాలు నీలంగా మారాయి. ఎనిమిదో రోజు అంచనా పరిమితి దాటింది. పెట్టె వచ్చింది.

ఆ మధ్యాహ్నం పిల్ల దగ్గకుండా నిద్రపోయింది. సలోమి పక్కనే కూర్చుని ఏడ్చింది.

పెట్టె బిగించినతను వెళ్తూ చెప్పాడు. "పొగ తగ్గితే దీన్ని వెనక్కి తీసుకుపోతాం."

మర్నాడు పొద్దున్నే ఏసోబు రోడ్డు మీదికెళ్లి, మొదట కనిపించిన లారీకి చెయ్యెత్తాడు.

"అన్నా, కాస్త మెల్లగా పో," అన్నాడు.