ఆల్చిప్పల తిన్నె వేలం

ఉప్పుటేటిలో సర్కారువారి ఆల్చిప్పల తిన్నెను ఎండ్రకాయ కౌలుకు తీసుకుంది. ఆల్చిప్పల దగ్గర ఏటేటా ముక్కుపిండి వసూలు చేసింది గానీ, సర్కారుకు మాత్రం చిల్లిగవ్వ కట్టలేదు.

చివరికి సర్కారు తరఫున తాబేలు వచ్చి కౌలు రద్దు చేసింది. బకాయి కింద సగం ఆల్చిప్పల్ని జప్తు చేసింది.

"మేం కట్టేశాం కదయ్యా!" అని అవి లబోదిబోమన్నాయి.

"కట్టింది ఎండ్రకాయకి. సర్కారుకి కాదుగా!" అంది తాబేలు.

మిగిలిన తిన్నెను వేలం వేస్తే ఎండ్రకాయ పెళ్లామే పాడుకుంది. "పాత బాకీ మా ఆయనది. నాకేం సంబంధం?" అంది. తాబేలు మెడ లోపలికి లాక్కుని సరేనంది.

మర్నాడు ఎండ్రకాయ ఎప్పట్లాగే అడ్డంగా నడుచుకుంటూ తిన్నె మీదికొచ్చింది.

"పాత కౌలుదారు ఉత్త దొంగ. మిమ్మల్ని నిలువునా ముంచాడు. మా ఆవిడ అలాంటిది కాదు. ఊఁ, ఈ ఏటి కౌలు తియ్యండి!"