టెలిఫోను ఉన్న బడి

"ఈ ఫోను ఎప్పుడూ ఇక్కడే ఉంటుందా అమ్మా?" అని అడిగాడు ఆఫీసరు.

హెడ్మాస్టరు గదిలో అందరి చూపులూ వెంకటదుర్గ టీచరు మీదికి తిరిగాయి. బడి నడిపే కరస్పాండెంటు పోతురాజుగారికి చెమటలు పట్టేశాయి. పట్టవూ మరి! ఇంతమంది టీచర్లుండగా ఆఫీసరు వేలు వెళ్లి వెళ్లి ఆమె వైపే చూపించింది.

అది రెండువేల ఒకటో సంవత్సరం. రామచంద్రపురం పక్క ఊళ్లో ఎయిడెడ్ బడి. ఫోను, ఇంటర్నెట్టు పెట్టుకున్న బళ్లకి ప్రభుత్వం సబ్సిడీ ఇస్తోంది. పాత బిల్లుల్లో కూడా సగం వెనక్కి వస్తుందట. షరతు ఒక్కటే. కనెక్షన్ వచ్చిన నాటి నుంచీ ఫోను బడిలోనే ఉండాలి, పిల్లల అవసరానికి అందాలి. అది చూసి పోడానికే కాకినాడ నుంచి సత్యప్రసాద్ అనే ఈ ఆఫీసరు వచ్చాడు.

కనెక్షన్ బడి పేరు మీదే ఉంది. బిల్లు కట్టేదీ బడే. ఫోను మాత్రం గోడ అవతల పోతురాజుగారి రైసుమిల్లులో, ఆయన బల్ల మీద ఉంటుంది. పొద్దున్నే గోడ మీంచి తీగ లాగించి, తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. ఇన్‌స్పెక్షన్ అంటే ఆ ఊళ్లో అంతే. బెంచీలు అద్దెకొస్తాయి, పక్క ఊరి బడి నుంచి పిల్లలొస్తారు. ఆఫీసరు కారు కాలవ గట్టు దాటగానే ఎక్కడివాళ్లు అక్కడికి.

ఆ ఫోనంటే వెంకటదుర్గకి ఎంత మంటో ఊరంతటికీ తెలుసు. మూడేళ్ల కిందట ఆమె కూతురు నీలవేణిని బడి వెనక పాము కరిచింది. ఆ రోజు ఆమె పరీక్ష పేపర్లు దిద్దడానికి రాజమండ్రి వెళ్లింది. బేబి టీచరు మిల్లుకి పరుగెత్తింది. ఆసుపత్రికి ఒక్క ఫోను చేసుకుంటానని పోతురాజుగారి కాళ్లు పట్టుకుంది.

"మద్రాసు పార్టీ ఫోన్ చేస్తాడమ్మా. బియ్యం లోడు సంగతి. లైను ఖాళీగా ఉండాలి, కాసేపాగు" అన్నాడాయన.

ఆయన ఆగమన్నంతసేపు పిల్ల ఆగలేదు.

అప్పట్నుంచీ వెంకటదుర్గ అదే బళ్లో పాఠాలు చెబుతూ, అదే మనిషికి రోజూ నమస్కారం పెడుతోంది. పెట్టిన ప్రతిసారీ ఆ రెండు చేతుల్తోనే వాడి పీక నులమాలనిపించేది. పంటి బిగువున ఓర్చుకుంది. వీడు నా చేతికి చిక్కే రోజు రాకపోతుందా అనుకుంది.

ఇదిగో, వచ్చింది. ఒక్క మాట చాలు. సబ్సిడీ పోతుంది, పదిమందిలో పరువూ పోతుంది.

"ఇక్కడే ఉంటుందండి" అంది వెంకటదుర్గ.

బేబి టీచరు నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

సత్యప్రసాద్ రిసీవరు ఎత్తి, కింద పెట్టి, వేళ్లు రుద్దుకున్నాడు. "మరి దీన్నిండా ఈ తవుడేంటమ్మా?"

"పిల్లలకిచ్చే బియ్యం బస్తాలు ఈ గదిలోనే దించుతామండి. ఎంత తుడిచినా పోదు."

"ఎప్పట్నుంచి ఉంది?"

"అది కరస్పాండెంటుగారు చెబితేనే బావుంటుందండి. ఆఫీసుల చుట్టూ తిరిగి పెట్టించింది వారు. మధ్యలో నేనెంతదాన్ని?"

పోతురాజుగారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇక ఆయన్ని పట్టేవాళ్లు లేరు.

"తొంభై అయిదు నుంచండి! ఒక్కరోజు కూడా ఈ గది గుమ్మం దాటలేదండి. ఏ పిల్లకి ఏ ఆపదొచ్చినా చిటికెలో ఫోనండి. అన్నవరం సత్యనారాయణస్వామి మీద ఒట్టండి!"

ఏ పిల్లకి ఏ ఆపదొచ్చినా! వెంకటదుర్గ గోళ్లు అరచేతిలో దిగబడ్డాయి. మొహం మాత్రం నవ్వుతూనే ఉంది.

"నోటిమాట చెల్లదండి. అదే రాసివ్వండి" అన్నాడు ఆఫీసరు.

పెన్ను వెంకటదుర్గే అందించింది. పక్కన నిలబడి, "ఒక్కరోజు కూడా గుమ్మం దాటలేదన్నారు కదండి, ఆ ముక్క కూడా వేసేయండి. రేపు ఎవరూ పేచీ పెట్టరు" అని గుర్తు చేసింది. ఆయన సంతోషంగా వేశాడు. సంతకం చేసి బడి ముద్ర కొట్టాడు. కింద ఆమె సాక్షి సంతకం పెట్టింది. ఆఫీసరు ఒక కాపీ తను ఉంచుకుని, రెండోది బడి ఫైల్లో పెట్టమని ఆమె చేతికిచ్చాడు.

కారు కదలగానే పోతురాజుగారు దగ్గరికొచ్చాడు. "మంచిదానివమ్మా. పాతవన్నీ మనసులోంచి తీసేశావు. నీ మేలు మర్చిపోనులే."

"మీరు మర్చిపోరండి" అంది వెంకటదుర్గ.

మిల్లు గుమాస్తా చిట్టియ్య అప్పటికే ఫోను చంకన పెట్టుకుని వెళ్లిపోతున్నాడు.

గేటు దగ్గర బేబి టీచరు అడ్డం నిలబడింది. ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "నువ్వు తల్లివేనా దుర్గా? నీ కూతురు నా ఒళ్లో పోయిందే! ఆ దుర్మార్గుడికి వత్తాసు పలకడానికి నీకు నోరెలా వచ్చింది? ఎంతకి అమ్ముడుపోయావే?"

వెంకటదుర్గ ఆమెని తప్పించుకుని గేటు దాటింది. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి బ్యాగులో పెట్టుకుంది. రామచంద్రపురం వెళ్లే బస్సు ఆగితే ఎక్కి కూర్చుంది.

నెల కిందట రామచంద్రపురం కోర్టులో, నీలవేణి చావు మీద నడుస్తున్న కేసులో పోతురాజుగారు బోనెక్కి, "మా బడిలో ఏనాడూ ఫోను లేదండి, ఉంటే చేతులారా పిల్లని చంపుకుంటామా" అని ప్రమాణం చేసి చెప్పాడు.