గుట్టెక్కే సంచి

"గుట్టలెక్కెతందుకు తేలిక సంచి కుట్టియ్యమని చెప్పి రెండేండ్లాయె, ఇనాయత్ భాయ్!" సిద్ధులగుట్ట మీదికి రాంగనే అరిచిండు భూమేష్ సారు.

"ఫికర్ చెయ్యకు సార్. ప్రతి ఐతారం దాంట్ల పసుపుకొమ్ములు నింపుకొని గుట్టెక్కి చూస్తున్న. బరువనిపిస్తే సంచిని జర కత్తిరిస్తున్న," అన్నడు టైలర్ ఇనాయత్. "ఇయ్యాల అస్సలు బరువు లేదు. తీస్కో."

సంచి అరచేతంత ఉంది. నాలుగు కొమ్ములు పడ్తయి.

"గిండ్ల నేనేం పెట్టుకోవాలె?"

"గుట్ట మీదికి నువ్వేం తెస్తవ్ సార్?"

సారు సంచిని అటిటు తిప్పి చూసిండు. ఇనాయత్‌ను తిట్టెతందుకు రెండేండ్లసంది ప్రతి ఐతారం గుట్టెక్కుతనే ఉన్నడు. ఒక్కనాడు గూడ చేతిల ఏం పట్టుకరాలె.

సంచిని మెల్లగ వాపస్ ఇచ్చిండు.

"ఇంకా జర బరువున్నది భాయ్. వచ్చే ఐతారం చూద్దాం."