దొరకని ఒక్క కేసెట్టు

"ఇచ్చేది లేదు. ఇంకెవరింటికైనా వెళ్ళి అడుక్కో," అంది విదోసవ, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

యస్మినా భుజాన ఉన్న సంచీ కింద పెట్టింది. ఈ ఒక్క కేసెట్టు కోసం నోవీ సాద్ నగరం నుంచి రెండు బస్సులు మారి కికిందా ఊరికి వచ్చింది.

"తీసుకుపోను విద పిన్నీ. మీ కళ్ళ ముందే కంప్యూటర్లోకి ఎక్కించుకుని, కేసెట్టు మీ చేతిలోనే పెట్టేస్తాను. రాదోయే బాబాయ్ రాసిన కంప్యూటర్ ఆట అది. మా భాండాగారంలో అదొక్కటే లేదు."

"ఏం భాండాగారం? సర్కారుదా?"

"కాదు, మాదే. పాత కంప్యూటర్ల పిచ్చివాళ్ళం. నేను బడిలో లెక్కలు చెబుతాను. ఒకాయన బస్సు నడుపుతాడు. ఒకావిడ పళ్ళ డాక్టరు. నలభై కేసెట్లతో మొదలుపెట్టాం. తర్వాత ఎవరి అటక మీదున్నవి వాళ్ళు పంపారు. ఇప్పుడు పదకొండు వేల ప్రోగ్రాములున్నాయి. ఇంటర్నెట్లో ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు."

"నీకు జీతమెంత?"

"ఏమీ లేదు."

"పెళ్ళయిందా?"

"అయింది."

"పాపం, ఆ అబ్బాయి."

యస్మినా నవ్వేసి, సంచీలోంచి పాత పత్రిక పేజీ నకలు తీసింది. మూలన చిన్న ప్రకటన. 'స్టేషన్ మాస్టర్. రైళ్ళు గుద్దుకోకుండా కాపాడండి! రచన: రాదోయే, కికిందా. 1986.' ఆ పత్రికలో ప్రకటన పడిన ప్రతి ఆటనూ వాళ్ళు పట్టుకున్నారు. ఇదొక్కటే ఖాళీగా మిగిలింది. ఫోను మోగింది. లుబ్లియానా ఊళ్ళో ఉన్న భాండాగారం మిత్రుల నుంచి పొద్దుటి నుంచీ మూడోసారి అదే సందేశం: 'దొరికిందా?'

విదోసవ వెనక పెరటి వైపు చూసింది. అక్కడ రాదోయే పొగలో కూర్చుని ఎర్ర బుంగమిరపకాయలు కాలుస్తున్నాడు. ఆవిడ యస్మినా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాగి తలుపు వేసింది. ఎంత కోపమున్నా వచ్చిన మనిషి వచ్చిన మనిషే. చెంచాడు చెర్రీపళ్ళ పాకం, గ్లాసుడు మంచినీళ్ళు ముందు పెట్టి గొంతు తగ్గించింది.

"ఆ కేసెట్టులో ఆట లేదు తల్లీ. నేనే చెరిపేశాను."

"అయ్యో! ఎలా?"

"పెళ్ళైన కొత్త. రేడియోలో మంచి పాటలొస్తున్నాయి. కేసెట్టు కోసం వెతికితే ఇది దొరికింది. పెట్టి చూస్తే కీ... అని ఒకటే కీచు. పాడైపోయిందనుకున్నాను. చెరిగిపోకుండా ఆయన కేసెట్టు పై అంచున ఉండే రెండు ప్లాస్టిక్ ముక్కలు విరిచే ఉంచాడు. నేను ఆ కంతల మీద గాయాలకేసే పట్టీ అంటించి మరీ పాటలెక్కించాను. ఆ కీచే ప్రోగ్రామని నాకేం తెలుసు?"

"బాబాయ్‌కి చెప్పలేదా?"

"ఏ మొహంతో చెప్పను? మా ఆయన ఆట రాశాడని వీధి వీధంతా చాటింది నేనే. ఆయనేమో దాన్ని రేకు డబ్బాలో పెట్టి ఎవరినీ ముట్టుకోనివ్వడు. ముప్పై ఎనిమిదేళ్ళు! చెమ్మకు పోయిందని చెప్పవూ, నీకు పుణ్యముంటుంది."

"మేం ఉన్నదున్నట్టే రాస్తాం పిన్నీ."

"రాసుకో. నా పేరే రాసుకో. లోకమంతా తిట్టనీ. ఆయనకు మాత్రం చెప్పకు."

తలుపు తోసుకుని రాదోయే లోపలికొచ్చాడు. చేతుల నిండా మసి. బల్ల మీది ప్రకటన చూసి అక్కడే ఆగిపోయాడు.

"దీనికోసమా వచ్చావు? ఇన్నేళ్ళకి?"

"మీకోసమే బాబాయ్. ఒక్కసారి పెట్టి చూద్దాం."

ఆయన చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. డబ్బా తెచ్చాడు గానీ వెంటనే మూత తియ్యలేదు.

"కేసెట్లు ఇంతకాలం బతకవు కదమ్మా?"

"ఒక్కోసారి బతుకుతాయి బాబాయ్."

యస్మినా తెచ్చుకున్న టేపురికార్డర్లో కేసెట్టు పెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. అకార్డియన్ మోగింది. ఎవరో గాయని పాట. ఆ పాట మీదుగా, రేడియో పక్కనే నిలబడి శ్రుతి తప్పుతూ పాడుతున్న పడుచు గొంతు ఒకటి, మధ్యమధ్య పళ్ళేల చప్పుడు. యస్మినా పెదవి కొరికి నవ్వు ఆపుకుంది. ఎదురుగా నాలుగు కళ్ళు తన మొహం మీదే ఉన్నాయి.

హెడ్‌ఫోన్లు తీసేసింది.

"చెమ్మ తినేసింది బాబాయ్. ఏమీ మిగల్లేదు."

రాదోయే రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. భుజాలు ఒక్కసారిగా కిందికి దిగాయి. విదోసవ కళ్ళొత్తుకుంటూ వెళ్ళి ఆయన తల నిమిరింది.

"పోతే పోయిందిలే. మనిషివి నువ్వున్నావు, చాలదూ?"

యస్మినాకు తలెత్తి చూడడానికి సిగ్గేసింది. లుబ్లియానాకు 'లేదు' అని రెండక్షరాలు కొట్టి, సామాను సర్దుకుంది.

విదోసవ వద్దన్నా వినకుండా మిరపకాయల పచ్చడి సీసా సంచీలో కుక్కింది. వీధి చివర బస్సు ఆగే చోటు దాకా రాదోయే సంచీ మోశాడు.

"బాధపడకండి బాబాయ్. పోయిన ఆటల జాబితాలో మీ పేరు అలాగే ఉంటుంది. ఎవరూ మరచిపోరు."

"వద్దమ్మా! అందులోంచి కూడా కొట్టెయ్యండి."

"అదేంటి బాబాయ్?"

బస్సు వచ్చి ఆగింది. రాదోయే సంచీ అందించి, వెనక్కి తిరిగి చూశాడు. దూరంగా గుమ్మంలో విదోసవ చెయ్యి ఊపుతోంది. ఆయన కూడా ఊపాడు. తర్వాత యస్మినా చెవి దగ్గరకు వంగాడు.

"అప్పట్లో కంప్యూటర్ ప్రోగ్రాముల కీచు రేడియోలో వేసేవాళ్ళు. అందులో ఉన్నది అలా పట్టుకున్న ఎవరిదో ప్రోగ్రాము తల్లీ. కొత్త పెళ్ళాం ముందు గొప్ప కోసం నేను రాసింది ఆ ప్రకటన ఒక్కటే!"