బయటి చక్రం

"ఎడమ చెయ్యి పనిచెయ్యదంటున్నావు. మరి నిన్న నా కారును ఆ బురద మలుపులోంచి ఎలా బయటపడేశావయ్యా?"

మెడికల్ బోర్డు డాక్టరు పృథ్వీరాజ్ అడిగిన తీరుకు సదానందానికి ఒళ్లు మండిపోయింది. అతను ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడిపే మనిషి. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి చచ్చుబడింది. ఈరోజు బోర్డు వాళ్లు 'అన్‌ఫిట్' అని తేలిస్తే అతని కొలువు కూతురు సహస్రకు వస్తుంది. తేల్చకపోతే, గిలాసైనా పట్టలేని ఆ చేత్తోనే మళ్లీ డంపరెక్కాలి. గని అంచున స్టీరింగు జారితే బండితో పాటు తనూ పాతాళానికే.

"నేను నడపలే సార్! మీ కారే నడిచింది!"

ఆ కేకకు బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లంతా లోపలికి తొంగిచూశారు.

"బాపూ, జర నిమ్మలంగ," అంటూ పక్కనున్న సహస్ర అతని చొక్కా లాగింది.

"ఏంది నిమ్మలం? సాయం చేసినందుకు గిట్లనా నన్ను దొంగను చేసుడు?"

అతను చేసింది నిజంగా సాయమే. నిన్న కమాన్‌పూర్ దారిలో ఒకటే వాన. మట్టిగుట్ట పక్కన బురద మలుపు చూసి, అడుగు ముందుకేసే ధైర్యం లేక, కొత్త కారులో బిగుసుకుపోయి కూర్చున్నాడు ఈ డాక్టరే. అటుగా నడిచి వస్తున్న సదానందం జాలిపడ్డాడు. గేర్లు మార్చే పని లేని బండి కాబట్టి కుడి చెయ్యి ఒక్కదానితోనే మలుపు దాటించాడు. గండం గడిచాక డాక్టరుకు నోరు లేచింది. గోదావరిఖని వచ్చేదాకా తన కారు గొప్పలు చెబుతూనే ఉన్నాడు. ఆ గొప్పలన్నీ సదానందం ఇప్పుడు ఆయనకే తిరిగి అప్పజెప్పాడు.

"మీరే చెప్పిండ్రు గద సార్! ముంగటి చక్రాలకు పెట్రోలు ఇంజను, ఎనుక చక్రాలకు దేని మోటారు దానికే అని."

"చెప్పాను. హైబ్రిడ్ కారు మరి!" డాక్టరు గొంతులో గర్వం దాగలేదు.

"మామూలు బండైతే మలుపుల ఎనుక చక్రాలు రెండిటికి ఒక్కతీరు బలం పోతది. బురదల ఎంత తిప్పినా ముక్కు తిరగది, సీదా జారుకుంట పోతది. మీ దాంట్ల కంప్యూటరు ఉన్నది. మలుపు రాంగనే బయటి చక్రాన్ని గట్టిగ నూకుతది, లోపటి దానికి బలం తగ్గిస్తది. గప్పుడు బండి దానంతటదే లోపటికి మళ్లుతది. గిండ్ల నా చెయ్యి చేసిందేంది?"

"ఎంత కారైనా నడిపేవాడి చెయ్యి ముఖ్యం. నువ్వు మొహమాటపడుతున్నావు గానీ, నీది మామూలు చెయ్యి కాదయ్యా."

మొహమాటమట! సదానందానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక మెచ్చుకోలు మనిషి కొంప ముంచుతుందని అతను కలలో కూడా అనుకోలేదు.

"అయితే మీరే నడుపుండ్రి సార్. ఒంటి చేత్తోటి. దవాఖాన ఎనుక బురదనే ఉన్నది. జారిందంటే మీరు చెప్పినట్టే ఇంట."

అంతమంది చూస్తుండగా వెనక్కి తగ్గడం డాక్టరుకు నామోషీ అనిపించింది. లేచాడు. దవాఖాన వెనక, కారులో సదానందం ఆయన పక్క సీట్లో కూర్చున్నాడు. సహస్ర గోడ పక్కన నిలబడి గోళ్లు కొరుక్కుంటోంది. డాక్టరు ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, స్టీరింగు కుడికి తిప్పాడు. స్టీరింగు పక్కనున్న తెరమీద, ఎడమవైపు వెనక చక్రం దగ్గర బలాన్ని చూపే గీతలు నిండుగా వెలిగాయి. కుడివైపు చక్రం దగ్గర ఒక్కటే మిగిలింది. కారు ఎక్కడా జారకుండా చిత్తడిలో చక్కగా చుట్టు తిరిగి వచ్చింది. ఆయన ముచ్చటపడి ఇంకో చుట్టు కూడా కొట్టి, సహస్ర పక్కన ఆపి అద్దం దించాడు.

"చూసిండ్రా? నిన్న గజగజ వణికిండ్రు. ఇయ్యాల ఒంటి చేత్తోటి తిప్పిండ్రు. మీరెట్ల తిప్పిండ్రో నేను సుత గట్లనే తిప్పిన. ఇంకేమన్న అనుమానమా?"

"లేదు సదానందం. గొప్ప కారుదే. నీ చెయ్యి పనిచెయ్యదని ఒప్పుకుంటున్నాను."

ఆ మాట చెవిన పడగానే సహస్ర ముఖం వెలిగిపోయింది. సదానందం ఛాతీ ఉప్పొంగింది. ఇంతసేపూ పడ్డ అవమానమంతా చేత్తో తీసేసినట్టయింది.

డాక్టరు కారు దిగి, దాని వీపు నిమిరాడు. "ఇంత మంచి ఏర్పాటు మీ డంపర్లకు ఎందుకు పెట్టరో!"

గెలిచిన ఊపు మీదున్న సదానందం ఆగలేకపోయాడు. "ఎందుకు పెట్టరు సార్? మా గనికి కొత్తయి దిగినయి గద! వాటికి సుత ఎనుక దేని మోటారు దానికే. ఎసొంటి బురదల్నైనా ఒక్క చేత్తోటి తిప్పచ్చు!"

"అలాగా!" డాక్టరు ఆనందంగా అతని భుజం తట్టాడు. "అయితే ఇంకేం, సోమవారం నుంచి ఆ కొత్త డంపరెక్కు. నువ్వు ఫిట్!"